ప్రహరీ గోడ ఎత్తు: ఒక్కో వైపుకు ఒక్కో లెక్క

హైదరాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకునేవారు గదుల కొలతల గురించి, వంటగది గట్టు గురించి, మెట్లు ఏ మూలకు రావాలన్న దాని గురించి నెలల తరబడి చర్చించుకుంటారు. ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి ఇల్లు దాదాపు పూర్తయి ఉంటుంది, చేతిలో డబ్బు తగ్గి ఉంటుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడి ఉంటుంది. అప్పుడు మేస్త్రీ ‘ఎంత ఎత్తు లేపమంటారు?’ అని అడిగితే, పక్కింటి గోడ వైపు చూసి దానికంటే ఒక అడుగు ఎక్కువ చెప్పడమే ఎక్కువగా జరుగుతుంది. అలా నాలుగు వైపులా ఒకే ఎత్తున లేచిన గోడ ముప్పై నలభై ఏళ్లు అక్కడే నిలబడి ఉంటుంది. వీధి వైపు గోడ చేయాల్సిన పని, పక్కింటి వైపు గోడ చేయాల్సిన పని, వెనక గోడ చేయాల్సిన పని ఒకటి కాదు కాబట్టి వాటి ఎత్తు కూడా ఒకటి కానక్కరలేదు. ఏ వైపు గోడ దేన్ని ఆపాలి, దేన్ని రానివ్వాలి అన్నది ముందు తేల్చుకుంటే, చాలా ఇళ్లకు ఆరడుగులకు మించిన గట్టి గోడ అవసరమే లేదని తెలుస్తుంది.

అసలు ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తున్నామన్నదే మొదట తేలాలి. ఈ నగరంలో సమతలంగా ఉన్న ప్లాట్లు తక్కువ. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వంటి రాతి గుట్టల ప్రాంతాల్లో పక్కపక్క ప్లాట్ల మధ్యే నిలువెత్తు తేడా ఉంటుంది. పల్లపు కాలనీల్లో వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా రెండు మూడు అడుగుల మేర మొరం పోసి స్థలాన్ని లేపుతారు. అటువంటి చోట లోపల నిలబడినవారికి ఐదడుగులుగా కనిపించే గోడ, వీధిలో నడిచేవారికి ఎనిమిదడుగులుగా కనిపిస్తుంది. ఆ గోడలో కింది మూడడుగులు మట్టిని ఆపే గోడ, పై ఐదడుగులు ప్రహరీ. ఈ రెంటినీ ఒకే గోడగా లెక్కించి, ఒకే మందంతో, ఒకే పునాదితో కట్టడం వల్ల వచ్చే ప్రమాదం గురించి కింద వివరంగా చెప్పుకోవాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రహరీ ఎత్తును ఇంటి ముందున్న వీధి మధ్య గీత నుంచి కొలవమంటుంది. ఇది న్యాయమైన కొలత, ఎందుకంటే గోడ ఎత్తు భారాన్ని మోసేది లోపలివారు మాత్రమే కాదు, వీధి కూడా.

ఆ కోడ్ సూచించే హద్దు కూడా చాలామంది అనుకునేదాని కంటే తక్కువ. గట్టి గోడ 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు దాటకూడదు. పైన 0.9 మీటరు భాగం గ్రిల్లులా తెరిచి ఉండేటట్లయితే మొత్తం 2.4 మీటర్ల దాకా, అంటే సుమారు ఎనిమిదడుగుల దాకా అనుమతించవచ్చు. మూల ప్లాటు అయితే కూడలికి ఆనుకున్న రెండు వైపులా 10 మీటర్ల పొడవున గట్టి భాగం 0.75 మీటరుకే పరిమితం కావాలి, మిగతాది రెయిలింగుతో నింపుకోవచ్చు. ఈ కోడ్ దానంతట అది చట్టం కాదు. స్థానిక సంస్థ తన నియమాల్లోకి తీసుకున్న మేరకే అది అమలవుతుంది. అందువల్ల మంజూరైన ప్లానులో ప్రహరీ గురించి ఏముందో, కాలనీ లేదా గేటెడ్ కమ్యూనిటీ నిబంధనలు ఏమంటున్నాయో విడిగా చూసుకోవాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో అనుమతులిచ్చేది కంటోన్మెంట్ బోర్డు గనుక అక్కడి షరతులు అక్కడే తెలుసుకోవాలి. అయినా కోడ్ వేసిన ఆ రెండు అంకెల వెనక ఉన్న ఆలోచన ఎక్కడైనా పనికొస్తుంది. కింద గట్టిగా ఉండాలి, పైన తెరిచి ఉండాలి.

ఎత్తైన గోడ కావాలనడానికి ఇంటివారు ముందుగా చెప్పే కారణం చాటు. వీధిలో పోయేవారికి వరండా కనబడకూడదు, పక్కవారి కిటికీలోంచి మన ఇల్లు కనబడకూడదు. ఈ రెండు కోరికలూ సహజమైనవే కానీ వాటి లెక్కలు పూర్తిగా వేరు. వీధిలో నడిచే మనిషి కళ్లు నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో ఉంటాయి. వీధీ ఇంటి ఆవరణా ఒకే మట్టంలో ఉంటే ఐదున్నర, ఆరడుగుల గోడ ఆ చూపును పూర్తిగా ఆపేస్తుంది. ఆ పైన వేసే ప్రతి అడుగూ నడిచే మనిషి విషయంలో వృథాయే.

పక్కింటి మేడ సంగతి అలా కాదు. ఉదాహరణకు రెండు ఇళ్లూ హద్దు నుంచి చెరో నాలుగు అడుగులు వదిలి కట్టారనుకుందాం. పక్కింటి మొదటి అంతస్తు నేల పది అడుగుల ఎత్తులో ఉంటే, అక్కడి కిటికీ దగ్గర నిలబడినవారి కళ్లు నేల నుంచి పదిహేను అడుగుల ఎత్తులో ఉంటాయి. మధ్యలో ఏడడుగుల గోడ ఉందంటే, వారి చూపు నాలుగు అడుగుల దూరంలో ఎనిమిది అడుగులు దిగి గోడ అంచును తాకుతుంది. అదే వాలులో కిందికి సాగితే గోడకు ఇవతల మూడున్నర అడుగుల దగ్గర నేలను చేరుతుంది. అంటే ఏడడుగుల గోడ దాచగలిగింది తన మొదట్లో ఉన్న మూడున్నర అడుగుల సందును మాత్రమే. నాలుగో అడుగు దగ్గరున్న మన కిటికీ పై నుంచి కింది దాకా కనిపిస్తూనే ఉంటుంది. పోనీ గోడను తొమ్మిది అడుగులకు లేపినా చూపు మన గోడను తాకే చోటు నేల నుంచి మూడడుగుల ఎత్తుకు చేరుతుంది, అంతే. సాధారణంగా కిటికీ అడుగు భాగం అక్కడే మొదలవుతుంది. ఇంత ఖర్చు పెట్టి, వెలుతురు పోగొట్టుకుని, పక్కవారితో మాట పడి సాధించింది కిటికీ కింద ఉన్న గోడకు చాటు మాత్రమే అవుతుంది.

హైదరాబాద్ పాత దేవిడీల (నవాబుల కాలపు పెద్ద భవంతుల) చుట్టూ ఎత్తైన గోడలు ఉండేవి కదా, అవి చాటు ఇవ్వలేదా అని ఎవరైనా అడగవచ్చు. ఇచ్చాయి. కానీ ఆ ఇళ్లు లోపలి అంగణం వైపు తిరిగి ఉండేవి, ఆవరణలు విశాలంగా ఉండేవి, చుట్టుపక్కల మూడంతస్తుల మేడలు ఉండేవి కావు. గోడకు దూరం తోడైంది కాబట్టి ఆ ఎత్తు పనిచేసింది. రెండు వందల గజాల ప్లాటులో ఆ దూరం లేదు. ఇక్కడ మేడ మీది చూపును ఆపగలిగేవి కిటికీ దగ్గరే ఉండే ఏర్పాట్లు: కింది సగానికి అవతలివైపు స్పష్టంగా కనిపించని మంచు గాజు (ఫ్రాస్టెడ్ గ్లాస్), వాలుగా కట్టిన చజ్జా, వెదురు తెర, ప్లాను దశలోనే ఎదురెదురుగా రాకుండా పక్కకు జరిపిన కిటికీలు. చూపు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో అక్కడే దాన్ని ఆపడం చవక, సులువు కూడా.

గోడ ఎత్తు పెరిగితే ఖర్చు ఆ మేరకే పెరుగుతుందని, అంతకు మించి తేడా ఉండదని అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటు చుట్టుకొలత 180 అడుగులు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడను చుట్టూ ఒక్క అడుగు పెంచితే, గేటు వెడల్పు తీసేసినా దాదాపు ఏడు టన్నుల బరువు అదనంగా పునాది మీద పడుతుంది. ఇది కూడా చిన్న విషయమే, ఎందుకంటే బరువు నిలువుగా కిందికి దిగుతుంది. గోడను పడగొట్టేది పక్కనుంచి తోసే బలం.

ఆ బలాల్లో మొదటిది గాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌లో కట్టడాల రూపకల్పనకు తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. అంత గాలి ఏటా రాదు, కానీ ఏప్రిల్, మే నెలల్లో గాలివాన దుమారం ఎలా ఉంటుందో నగరవాసులందరికీ తెలుసు. ప్రహరీకి ఇంటి గోడకు ఉన్నట్లు పైన స్లాబు ఉండదు, అడ్డంగా మరో గోడ ఉండదు. అది కింద మాత్రమే నాటుకుని నిలబడిన పలక. గాలి దాని మొత్తం ముఖం మీద తోస్తుంది, ఆ తోపు మొదలు దగ్గర గోడను తిప్పి పడేయాలని చూస్తుంది. ఈ పడదోసే బలం ఎత్తుతోపాటు కాదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. ఐదడుగుల గోడను ఏడడుగులు చేస్తే ఎత్తు 40 శాతమే పెరిగింది. పడదోసే బలం దాదాపు రెండింతలైంది. గోడను నిలబెట్టే సొంత బరువు మాత్రం ఆ 40 శాతమే పెరుగుతుంది. ఐదడుగులకు సరిపోయిన కట్టుబడి ఏడడుగులకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

రెండో బలం మట్టి. లోపల మొరం పోసి లేపిన స్థలంలో గోడ కింది భాగం ఆ మట్టిని ఆపుతుంది. ఇక్కడ లెక్క మరింత కఠినం: ఆపే మట్టి ఎత్తు రెండింతలైతే మొదలు దగ్గర పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. అది కూడా పొడి మట్టి లెక్క. వాన నీరు ఆ మొరంలోకి ఇంకి, బయటికి పోయే దారి లేక నిలిచిపోతే నీటి ఒత్తిడి అదనంగా చేరుతుంది. అందుకే ఇలాంటి గోడలు ఎండాకాలమంతా నిక్షేపంగా నిలబడి భారీ వాన రోజునే కూలుతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి బండ్లగూడ ప్రాంతంలో ఎగువనున్న ప్రహరీ గోడ దిగువ ఇళ్ల మీద పడి, పసిబిడ్డతో సహా తొమ్మిది మంది చనిపోయారు. 2024 మే 7న బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర వానకు రిటైనింగ్ గోడ, అంటే మట్టిని ఆపే గోడ కూలి, వలస కూలీల కుటుంబాలకు చెందిన ఏడుగురు, నాలుగేళ్ల పిల్లవాడితో కలిపి, ప్రాణాలు కోల్పోయారు. గోడ కూలినప్పుడు దాని కింద ఉండేది సాధారణంగా దాన్ని కట్టించుకున్నవారు కాదు. దిగువన రేకుల ఇంట్లో నిద్రపోతున్నవారు, గోడ వారన నడుస్తున్న పిల్లలు, నీడ కోసం ఆగిన బండివారు. ఎత్తు నిర్ణయించేటప్పుడు ఈ విషయం మనసులో ఉండాలి.

అందువల్ల మట్టి రెండడుగులకు మించి ఆపాల్సి ఉంటే కింది భాగాన్ని విడిగా, రాతితోనో ఆర్‌సీసీ (ఇనుప చువ్వల కాంక్రీటు)తోనో రిటైనింగ్ గోడగా ఇంజినీరు చేత లెక్క కట్టించి కట్టుకోవాలి. నీరు పోవడానికి కింద వరుసలో పైపు ముక్కలు పెట్టి, వాటి వెనక మట్టి కొట్టుకుపోకుండా కంకర నింపాలి. దాని మీద లేచే ప్రహరీ ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. నాలుగు అడుగుల మట్టిని ఆపుతున్న గోడ మీద గ్రిల్లు తప్ప మరేదీ పెట్టకపోవడమే సరైన పని. స్థలం చాలినంత ఉన్న చోట ఒకే పెద్ద గోడకు బదులు రెండు మెట్లుగా, మధ్యలో మూడు నాలుగు అడుగుల మొక్కల పాదు వదిలి కట్టినా పడదోసే బలం చాలా తగ్గుతుంది.

సమతల స్థలంలో మామూలు ప్రహరీకి ఎనిమిది, పది అడుగులకొక ఆర్‌సీసీ పిల్లరు, అడుగున పిల్లర్లను కలుపుతూ ప్లింత్ బీము, పైన వానను అటూ ఇటూ జార్చే వాలు కోపింగు ఉండాలి. నాలుగున్నర అంగుళాల గోడను పిల్లర్లు లేకుండా ఆరడుగులు లేపడం ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది; అది నిలబడి ఉందంటే ఇంకా పెద్ద గాలి దాన్ని తాకలేదనే అర్థం. నల్లరేగడి నేలలో అది ఇంకా తొందరగా బీటలిస్తుంది, ఎందుకంటే ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతూ లోతు తక్కువ పునాదిని ఏటా కదిలిస్తుంది. ముందే పోసి తెచ్చిన కాంక్రీటు పలకలతో నిలబెట్టే ప్రీకాస్ట్ ప్రహరీ ఖాళీ ప్లాటు హద్దు చూపడానికి, ఆక్రమణ జరగకుండా చూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ గాడి ఉన్న స్తంభాల మధ్య దింపిన ఆ పలుచని పలకలు మట్టిని ఆపడానికి చేసినవి కావు. దానికి ఆనించి మొరం పోస్తే పలకలు మొదట ఉబ్బెత్తుగా వంగుతాయి, ఆ తర్వాత గాడిలోంచి జారిపోతాయి.

ఉన్న గోడను ఎత్తు పెంచే పని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఐదడుగుల గోడ పైన రెండు వరుసల సిమెంటు ఇటుకలు పేర్చి ప్లాస్టరింగు చేస్తే బయటికి ఒకే గోడలా కనిపిస్తుంది. లోపల మాత్రం పాత కోపింగు మీద దుమ్ము పొర, దాని మీద కొత్త సిమెంటు, వాటి మధ్య ఇనుము ఉండదు. దగ్గరికి వెళ్లి చూస్తే అతుకు వెంట వెంట్రుకంత సన్నని అడ్డ బీట కనిపిస్తుంది, వానాకాలం తర్వాత ఆ గీత పొడవునా పాచి పడుతుంది. ఆ రెండు వరుసలకూ కింది గోడకూ మధ్య పట్టు లేదని ఆ గీత చెబుతోంది. పెంచక తప్పదనుకుంటే ఉన్న పిల్లర్లకు గట్టిగా బిగించిన ఇనుప గ్రిల్లే మేలు. అయితే ఆ గ్రిల్లుకు లోపలి వైపు రేకో, ఫైబరు షీటో, పాత ఫ్లెక్సీయో కట్టడం చాలా ఇళ్లలో అలవాటు. అలా కట్టిన రోజున గాలి లెక్కలో గ్రిల్లు మళ్లీ గట్టి గోడ అయిపోతుంది. బోల్టులు పై వరుస ఇటుకలను పట్టుకుని ఉంటాయి కాబట్టి షీటుతోపాటు ఆ ఇటుకలు కూడా ఊడి వస్తాయి. చాటు కావాలంటే గ్రిల్లు మీదికి మధుమాలతినో శంఖుపుష్పాన్నో పాకించడం మంచిది, ఆకుల మధ్య నుంచి గాలి కొంత దాటిపోతుంది కాబట్టి. అప్పుడప్పుడు కత్తిరించి తీగను పలుచగా ఉంచాలి.

దొంగల భయం ఎత్తైన గోడకు రెండో కారణం. ఆరడుగుల గోడ ఎక్కడం కష్టమే కానీ అసాధ్యం కాదు, ముఖ్యంగా దాని పక్కన నీటి మోటారు గది, ఏసీ బయటి యూనిట్ స్టాండు, ఆపి ఉంచిన బండి, వంగిన మామిడి కొమ్మ ఉన్నప్పుడు. ఎక్కడానికి ఆసరా ఇచ్చేవాటిని తీసేస్తే వచ్చే రక్షణ, మరో అడుగు లేపితే వచ్చే రక్షణ కంటే ఎక్కువ. పైగా గట్టి గోడ ఒకసారి దాటి వచ్చినవాడికి కూడా చాటు ఇస్తుంది. తాళం పగలగొడుతున్నా వీధిలోవారికి, ఎదురింటివారికి ఏమీ కనిపించదు. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబాలకు వీధి వైపు గ్రిల్లు ఉన్న ప్రహరీయే నిజానికి ఎక్కువ భద్రత. గోడ మీద గాజు పెంకులు పాతడం పాత పద్ధతి; వాటివల్ల గాయపడేది ఎక్కువగా పిల్లలు, పిల్లులు, కొమ్మలు కొట్టడానికి ఎక్కిన పనివారు. ఇంటి కరెంటును నేరుగా కంచె తీగకు కలపడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. అది ప్రాణాలు తీస్తుంది, చట్టరీత్యా నేరం కూడా.

గ్రిల్లు వేసేటప్పుడు చువ్వలు నిలువుగా ఉండాలి. అడ్డ చువ్వలు పిల్లలకు నిచ్చెన అవుతాయి. రెండు చువ్వల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకపోతే చిన్నపిల్లల తల ఇరుక్కోదు, వీధి కుక్కలు దూరవు. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో వీధి వైపు గట్టి భాగం ఎత్తు ఆ కుక్క నిలబడితే ముట్టె దాటేంత ఉంటే దారిన పోయేవారికి ఇబ్బంది తగ్గుతుంది.

గేటు పక్క గోడ ఎత్తు విషయంలో ఎవరూ ఆలోచించని ప్రమాదం ఒకటుంది. కారులో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి నాలుగడుగుల లోపే ఉంటాయి, ముందు బంపరుకు చాలా వెనక ఉంటాయి. ఫుట్‌పాత్ లేని కాలనీ వీధిలో గోడ రోడ్డు అంచునే ఉంటుంది కాబట్టి, ఆరడుగుల గట్టి గోడ మధ్య నుంచి కారు బయటికి వస్తే డ్రైవరు వీధిని చూడకముందే బానెట్ మొత్తం వీధిలో ఉంటుంది. వెనక్కి తీసేటప్పుడు సంగతి చెప్పనక్కరలేదు. సైకిలు మీద వచ్చే బడి పిల్లవాడికి కూడా ఆ కారు కనిపించదు. గేటుకు రెండు వైపులా ఐదారు అడుగుల పొడవున గట్టి భాగాన్ని రెండున్నర, మూడడుగులకు దించి పైన గ్రిల్లు పెట్టడం ఖర్చు పెంచదు. మూల ప్లాట్ల గురించి కోడ్ చెప్పిన 0.75 మీటరు హద్దు కూడా ఇందుకే. తెలంగాణలో అమల్లో ఉన్న 2012 నాటి భవన నియమాలు, అంటే జీవో 168, కూడలిలో ప్లాటు మూలను ఏటవాలుగా వదలమంటాయి. 12 మీటర్ల లోపు రోడ్లు కలిసే చోట అది ఇరువైపులా 3 మీటర్లు. ఆ వదిలిన మూల లోపలే గోడ తిరగాలి. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక రోడ్ల మీదికి, పార్కుల్లోకి, నాలాల మీదికి జరిపి కట్టిన ప్రహరీలను తొలగించడం నగరం పలుమార్లు చూసింది. హద్దు గీత తప్పయితే ఎత్తు ఎంత సరిగ్గా ఉన్నా ఉపయోగం లేదు.

ప్రధాన రహదారి పక్క ఇళ్లకు మాత్రం గట్టి గోడ మరో విధంగా ఉపయోగపడుతుంది. టైర్లు, ఇంజిన్ల శబ్దం నేలకు దగ్గరగా పుడుతుంది. శబ్దం పుట్టే చోటికీ వినే చెవికీ మధ్య సూటి గీతను గోడ తెంచినప్పుడు సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ మేలు కింది అంతస్తుకే దక్కుతుంది, గోడలో సందులు లేకపోతేనే దక్కుతుంది. మొక్కల కంచె కంటికి చల్లన కానీ శబ్దాన్ని దాదాపు ఆపదు. ఇలాంటి చోట వీధి వైపు ఆరడుగుల గట్టి గోడకు అర్థం ఉంది, దానికి తగిన పిల్లర్లు, పునాది ఉంటే.

వెలుతురు, గాలి విషయానికి వస్తే చిన్న ప్లాట్లలో ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉండేది మీటరు, మీటరున్నర సందే. హైదరాబాద్‌లో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణపు ఏడడుగుల గోడ నీడ ఆరడుగుల దాకా పడుతుంది. నాలుగు అడుగుల సందులో పెట్టిన తులసికి గానీ, ఆరేసిన బట్టలకు గానీ శీతాకాలమంతా ఎండ తగలదు, గోడ మొదట్లో చెమ్మ ఆరదు. వర్షాకాలంలో ఈ నగరానికి గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది, ఆ వైపు ఎత్తైన గట్టి గోడ ఆ గాలిని కింది గదుల్లోకి రానివ్వదు.

ఇక్కడే వాస్తు ప్రస్తావన వస్తుంది. దక్షిణ, పడమర గోడలు ఉత్తర, తూర్పు గోడల కంటే ఎత్తుగా, మందంగా ఉండాలన్న నియమాన్ని నగరంలో చాలా కుటుంబాలు పాటిస్తాయి. పడమటి ఎండను ఆపడానికే ఆ నియమం అన్న వివరణ తరచుగా వినిపిస్తుంది. లెక్క వేస్తే అది పూర్తిగా నిలవదు: మే నెలలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఆరడుగుల గోడ నీడ నాలుగు అడుగుల దూరంలోని ఇంటి గోడ మీద మూడున్నర అడుగుల పైదాకానే చేరుతుంది, కిటికీ ఎండలోనే ఉంటుంది. ఎండను ఆపాల్సింది చెట్టు, చజ్జా. అయినా నమ్మకం ఉన్నవారికి దాన్ని పాటించడంలో ఇబ్బంది ఏమీ లేదు, ఎందుకంటే ఆ నియమం తేడా అడుగుతుంది కానీ కొలత అడగదు. తూర్పు, ఉత్తరాలు నాలుగున్నర అడుగులు, దక్షిణ, పడమరలు ఐదున్నర అడుగులు పెట్టుకుంటే నియమమూ నిలుస్తుంది, గోడా నిలుస్తుంది. ఆరుకు ఎదురుగా ఎనిమిది పెట్టడం వల్ల వచ్చే అదనపు ఫలితం ఏదీ లేదు.

ఇవన్నీ కలిపి తూర్పు వీధి ఉన్న ఒక 200 గజాల ప్లాటు చుట్టూ తిరిగి చూద్దాం. వీధి మామూలు కాలనీ వీధి, స్థలం వీధి కంటే అడుగు ఎత్తు. తూర్పున వీధి మట్టం నుంచి నాలుగు అడుగుల గట్టి గోడ, దాని మీద రెండడుగుల గ్రిల్లు. గేటు పక్కల గట్టి భాగం మూడడుగులకు దిగుతుంది. వీధిలో వాలు ఉంటే పై అంచును ఒకే మట్టంలో లాగకుండా పిల్లరు పిల్లరుకూ మెట్టుగా దించాలి, లేకపోతే పల్లపు కొసన గోడ తెలియకుండానే ఏడెనిమిది అడుగులవుతుంది. ఉత్తరాన పక్కింటి మేడ ఉంది. అక్కడ ఐదడుగులు చాలు, కిటికీలకు మంచు గాజు. దక్షిణాన పక్కవారి వరండా మన వరండాకు ఎదురుగా ఉంటే, కూర్చున్న మనుషుల మధ్య చాటుకు ఐదున్నర చాలు. కూర్చున్నవారి కళ్లు నేల నుంచి నాలుగడుగుల లోపే ఉంటాయి గనుక వరండా అరుగు అడుగున్నర ఎత్తులో ఉన్నా ఆ గోడ దాటి చూపు పోదు. వెనక పడమర వైపు ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ స్థలం ఉంది. పాములు, పందులు, చెత్త, మనుషుల కంట పడని చోటు. ఈ ఒక్క వైపు గట్టి గోడ ఆరడుగులు ఉండటం సబబు, ఇక్కడే మంచి పిల్లర్లకు డబ్బు పెట్టాలి.

పక్కింటివారితో కలిసి కట్టే ఉమ్మడి గోడ అయితే ఎత్తు, మందం, ఖర్చు వాటా, హద్దు గీత గోడ మధ్యలో ఉందా ఒక వైపు ఉందా అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. ఒక్కరే కట్టుకుంటే పునాది అడుగు భాగంతో సహా మొత్తం సొంత స్థలంలోనే ఉండాలి. పైన గోడ హద్దు లోపలే ఉన్నా కింద బెడ్డు ఆరంగుళాలు అవతలికి పోవడం వల్ల వచ్చే తగాదాలు తక్కువేమీ కావు. ఆ కాగితంలో, తర్వాత ఎవరైనా ఎత్తు పెంచదలిస్తే రెండోవారి అంగీకారం కావాలన్న వాక్యం ఒకటి ఉంటే మంచిది.

ఎత్తు పెంచాల్సిన అవసరం ఈ నగరంలో ఎక్కువగా రోడ్డు వల్లే వస్తుంది. పాత పొరను తవ్వి తీయకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు వేయడం వల్ల ప్రతిసారీ వీధి కొన్ని అంగుళాలు పైకి వస్తుంది. రెండు మూడు సార్లు అలా జరిగితే ఐదడుగుల ప్రహరీ వీధి నుంచి చూసేవారికి నాలుగడుగులే అవుతుంది, గేటు కింద రుద్దుకుంటుంది, వాన నీరు లోపలికి తిరుగుతుంది. దీన్ని ఊహించి మొదటే ఏడడుగులు కట్టడం పరిష్కారం కాదు. పునాదిని, పిల్లర్లను ఒక అడుగు ఎక్కువ ఎత్తుకు సరిపోయేలా లెక్క కట్టించి, పిల్లర్ల పైన అడుగు పొడవు చువ్వలు వదిలి, అవి తుప్పు పట్టకుండా పలుచని కాంక్రీటు దిమ్మతో మూసి ఉంచాలి. గేటు కింద ఆరంగుళాల ఖాళీ వదిలి దానికి విప్పదగిన పట్టీ బిగించుకోవాలి. రోడ్డు నిజంగా లేచిన రోజున ఆ దిమ్మలు పగలగొట్టి, అదే చువ్వలకు కొత్త ఇనుము కట్టి, వీధి వైపు మాత్రమే పెంచుకోవచ్చు.